డిక్కీలో చప్పుడు

సువర్ణరాజు షెడ్డులో ఒక నియమం ఉంది. బండిలో ఏదో చప్పుడొస్తోందని తెచ్చినవాడు ముందుగా ఆ చప్పుడు నోటితో చేసి చూపించాలి. ఎంత పెద్దమనిషైనా సరే. నూజివీడు ప్లీడర్లు ఆ షెడ్డు ముందు నిలబడి "గిర్ర్" అన్నారు. ఒక హెడ్మాస్టరు పావుగంట సేపు "కీచు కీచు" అన్నాడు. ముహూర్తం దగ్గరపడిన ఒక పెళ్ళికొడుకు బాసికంతోనే వచ్చి "బుస్సు బుస్సు" అని చేసి చూపించి వెళ్ళాడు. సువర్ణరాజు నవ్వడు. కళ్ళు మూసుకుని వింటాడు. "ఇంకోసారి చెయ్యండి" అంటాడు. తర్వాత కార్డు తీసి రాస్తాడు. ఆ కార్డు మీద రెండే గడులు. ఒకటి చప్పుడు, రెండోది కారణం. రెండో గడి నింపకుండా ఏ బండీ ఆ షెడ్డు నుంచి కదలదు.

జూన్ మొదటి వారంలో ఒక ఉదయం మామిడికాయల వ్యాపారి లక్ష్మీనారాయణ తన తెల్లటి పెద్ద కారులో అక్కడికి వచ్చాడు. డ్రైవరు యలమంద దిగి తలుపు తీసి పట్టుకున్నాడు. లక్ష్మీనారాయణ దిగకుండానే మొదలుపెట్టాడు.

"ఏమయ్యా రాజూ, వెనక ఏదో మోత. చూడు."

"ఎలాంటి మోతండి?"

"మోతంటే మోతే. అందులో రకాలేంటి?"

"చేసి చూపించండి."

"నేనా?" లక్ష్మీనారాయణ అటూ ఇటూ చూశాడు. ఎదురుగా టీ బడ్డీ దగ్గర నలుగురున్నారు. "ఒరేయ్ యలమందా, నువ్వు చెయ్యరా."

యలమంద గొంతు సవరించుకున్నాడు. "టక్" అన్నాడు. కాస్త ఆగి "టక్ టక్" అన్నాడు.

"తలుపు తట్టినట్టా?" అని అడిగాడు సువర్ణరాజు.

"అవునన్నా."

"స్పీడు బ్రేకరు వస్తే చాలు, అదే వరస," అన్నాడు లక్ష్మీనారాయణ. "మొన్న ఢిల్లీ సేట్లు ఎక్కారు. రెండు స్పీడు బ్రేకర్లు దాటేసరికి, వెనక ఎవరున్నారని అడిగారు. మూడోదానికి దిగిపోయారు. దిగి ఎవరి కారెక్కారు? ఆ ప్రసాద్ కారు! నా తోట చూడ్డానికి వచ్చినవాళ్ళు వాడి తోట చూసి పోయారు. ఇదంతా వీడి వల్లే. గతుకుల్లో అడ్డదిడ్డంగా తోలి బండి నడుం విరగ్గొట్టాడు. చప్పుడు పోతుందా సరే. పోలేదా, ఈ నెలాఖరుకి వీడు పోతాడు."

యలమంద తల దించుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో తల దించుకునే ఉన్నాడు. మెడకి అలవాటైపోయింది.

విజయవాడలో అప్పటికే షాకబ్జార్లు మార్పించారు. బుష్షులు మార్పించారు. సైలెన్సరు పట్టుకునే రబ్బర్లు కొత్తవి వేయించారు. చప్పుడు మాత్రం ఒక్క తట్టు కూడా తగ్గలేదు.

సువర్ణరాజు పని మొదలుపెట్టాడు. కారు వెనక భాగం జాకీ మీద లేపి, చక్రాలు రెండూ చేత్తో తిప్పి, బేరింగు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. అదురు లేదు. స్టెప్నీ బోల్టు బిగువుగా ఉంది. జాకీ, స్పానర్ల సంచీ తీసి బయట పెట్టాడు. డిక్కీ తలుపు తాళం, దాని రబ్బరు చూశాడు. ఆఖరికి డిక్కీలో పరిచిన నల్ల చాప కూడా ఎత్తి చూశాడు. ఒక ఎండిన మామిడాకు తప్ప ఏమీ లేదు. అప్పుడు పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి తెచ్చి, దాని మొన డిక్కీ రేకుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, యలమందని బండి ఊపమన్నాడు. యలమంద ఊపాడు. సువర్ణరాజు చాలాసేపు విన్నాడు.

లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ఇనుము ఇనుముకి తగిలితే ఒక మోతండి. రబ్బరు అరిగితే ఒక మోత. ఇది రెండూ కాదు. ఎముక. మనిషి వేలి కణుపులు రేకు మీద కొడుతున్నాయి."

"అట్లాగా," అన్నాడు లక్ష్మీనారాయణ. వాచీ చూసుకున్నాడు. "సాయంత్రానికి అయిపోతుందా?"

"ఎవరి వేళ్ళండి అవి?"

"ఎవరివైతే నీకెందుకయ్యా? తీసెయ్."

"తీయాలంటే ముందు సరిగ్గా వినాలండి. ముందు కూర్చున్నవాళ్ళకి మోత ఒక్కటే తెలుస్తుంది. వెనకున్నవాళ్ళకే అందులోని మాట తెలుస్తుంది. నేను తోలతాను. ఒకరు డిక్కీలో పడుకుని వినాలి. బండి మీదే గనక మీరు పడుకుంటే మంచిది."

లక్ష్మీనారాయణ ముఖం కందగడ్డలా అయింది. "ఏం కూస్తున్నావ్? నేను డిక్కీలో పడుకోవాలా? మనిషన్నవాడు పడుకునే చోటేనా అది!"

ఆ మాట అన్నది ఆయనే. టీ బడ్డీ దగ్గరున్న నలుగురూ విన్నారు.

ఇరవై రెండు రోజుల కిందట అదే చోట ఒక మనిషి పడుకున్నాడు. పడుకున్నాడనడం తప్పు. ఈయనే పడుకోబెట్టించాడు.

ఆ మనిషి పేరు వెంకట్. రెడ్డిగూడెంవాడు. యలమంద అక్క బసవమ్మ మొగుడు. విస్సన్నపేట దగ్గర లక్ష్మీనారాయణ గుత్తకు తీసుకున్న తోటలో చిన్నరసాలు కోస్తున్నాడు. రసం కాయని రాలగొట్టకూడదు. గెడ చివర చిక్కంలోకి తుంచి, బుట్టలో పెట్టి, తాడుతో దించాలి. కింద ఉన్నవాడు బుట్టని రెండు చేతులా అందుకోవాలి. జానెడెత్తు నుంచి జారిన కాయని కూడా పక్కన పెట్టేస్తారు. లోపల దెబ్బ తగిలిన కాయ మూడో రోజుకి నల్లబడి పెట్టెడు కాయల్నీ పాడుచేస్తుందని భయం. కాయ విషయంలో అంత జాగ్రత్త తెలిసినవాళ్ళు ఆ తోటలో ఉన్నారు. ఆ తోటలోనే కొమ్మ విరిగి వెంకట్ కిందపడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది.

కారు తోటలోనే ఉంది. వెనక సీటు మీద నాలుగు పెట్టెలున్నాయి. విజయవాడలో ఒక ఆఫీసరుగారికి పంపడానికి ఏరిన కాయలు. కదలకుండా వాటికి సీటు బెల్టు కట్టారు.

"అయ్యగారూ, పెట్టెలు దించేద్దామా?" అని యలమంద అడిగాడు.

"హడావుడిలో దించితే కాయ దెబ్బ తింటుంది. పైగా వాడి ఒళ్ళంతా సొన, నెత్తురు. కొత్త సీట్లు. వెనక పెట్టు."

వెనక పెట్టారు. వెంకట్ పొడుగు మనిషి. డిక్కీ పొడుగు చాలలేదు. కాలు మడిచి తలుపు వేశారు.

కాయకి బెల్టు కట్టినవాళ్ళు మనిషిని మడిచి మూత వేశారు. ఇది ఏ రాజుల కాలంలోనో జరగలేదు. ఈ మే నెలలో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా జరిగింది. ఆ పదిమందిలో ఒక్కడికీ నోరు పెగల్లేదు. కోత సగంలో ఉంది, రేపు మళ్ళీ పనికి రావాలి.

అక్కడితో అయిపోలేదు. దారిలో లక్ష్మీనారాయణ ఇంకో మాట చెప్పాడు. తోటలో పడ్డాడంటే పోలీసు కాగితమవుతుందట, కూలీలు చెట్టెక్కడానికి భయపడతారట. కాబట్టి తాగి మోటారు సైకిలు మీంచి పడ్డాడని చెప్పాలి. ఆసుపత్రి దగ్గర ఆయన కారు దిగలేదు. లోపలికి వెళ్ళి ఆ అబద్ధం చెప్పినవాడు యలమంద. నర్సు అడిగింది, అతను చెప్పాడు, ఆమె రాసుకుంది. నొప్పికి స్పృహ తప్పిన వెంకట్‌ని ఎవరడుగుతారు?

వెంకట్ జన్మలో మందు ముట్టలేదు. చెట్టెక్కేవాడు తాగకూడదని పెళ్ళిళ్ళలో కూడా దూరంగా కూర్చునేవాడు. అలాంటివాడు కాగితం మీద తాగుబోతయ్యాడు. ఆ ఒక్క ముక్కతో ఆపరేషన్ ఆగిపోయింది. స్పృహ వచ్చాక అతను ఎంత కాదన్నా, రాసింది రాసినట్టే ఉండిపోయింది. తోటపనిలో పడ్డవాళ్ళకి ఆపరేషన్ చేయించే కూలీల బీమా ఉంది, తాగి బండి మీంచి పడ్డవాళ్ళకి లేదు. సిమెంటు కట్టు వేసి ఇంటికి పంపారు. మడతలో ఉండిపోవడం వల్ల ఎముక పక్కకి జరిగిందనీ, వంకరగా అతుక్కుంటోందనీ, నెల దాటితే ఇక కుంటికాలే మిగులుతుందనీ డాక్టరు చెప్పాడు. నెలలో ఇంకా ఎనిమిది రోజులున్నాయి.

బసవమ్మ తమ్ముణ్ణి ఒకే ఒక్కసారి అడిగింది. "దారిలో మీ బావ పిలవలేదట్రా?"

"పిలిచాడేమోనక్కా. అయ్యగారు పాట పెట్టమన్నారు. నాకు వినపడలేదు."

ఆ రోజు నుంచి ఆమె తమ్ముడితో మాట్లాడలేదు.

ఇప్పుడు షెడ్డు దగ్గర, "నేనా డిక్కీలోనా" అని లక్ష్మీనారాయణ అరుస్తుంటే, యలమంద మెల్లగా వెళ్ళి డిక్కీ తలుపెత్తాడు.

"నేను పడుకుంటానన్నా," అన్నాడు.

కాళ్ళు మడిచి పడుకున్నాడు. సువర్ణరాజు మూత వేసి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. లక్ష్మీనారాయణ విసుక్కుంటూ పక్క సీట్లో కూర్చున్నాడు. కారు ఊరు దాటి విస్సన్నపేట రోడ్డెక్కింది. నాలుగు స్పీడు బ్రేకర్లు దాటి, వెనక్కి తిరిగి మళ్ళీ ఆ నాలుగూ దాటింది. ముందున్న ఇద్దరికీ ప్రతిసారీ మూడు దెబ్బలు వినిపించాయి. అంతే.

షెడ్డు దగ్గర మూత తీశాక యలమంద వెంటనే లేవలేకపోయాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. సువర్ణరాజు చెయ్యిచ్చి దించి, కార్డు తీశాడు.

"ఏం విన్నావు?"

"గాలి అని చెప్పరా," అన్నాడు లక్ష్మీనారాయణ. "డోరు సందులోంచి గాలి. రాజూ, అది రాసి పంపించెయ్."

"గాలికి కణుపులుండవండి. యలమందా, నువ్వు చెప్పు."

యలమంద యజమాని వైపు చూడలేదు. చెప్పాడు. "మా బావ. 'యలమందా, ఒక్కసారి ఆపు, కాలు మడతపడింది' అంటున్నాడు. తడుతున్నాడు. మళ్ళీ అంటున్నాడు. దారి పొడుగునా అదే."

సువర్ణరాజు కారణం అన్న గడిలో ఆ మాటలు ఉన్నవున్నట్టు రాశాడు. రాసేటప్పుడు పెన్ను కాగితంలో దిగబడింది. చప్పుళ్ళ గురించి తప్ప మరేదీ అడగనివాడు ఆ రోజు అడిగాడు.

"కాలు విరిగిన మనిషిని ఇందులో వేశారాండీ?"

"వేయకపోతే? నా సొంత కారులో ఆసుపత్రికి చేర్చాను. ఎవరు చేరుస్తారయ్యా ఈ రోజుల్లో? ఇంకెవరైనా అయితే అక్కడే వదిలేసేవాడు!"

"సీటేమైంది?"

"సీటు మీద కాయలున్నాయి."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో తడబాటు లేదు. సీటు మీద కాయలుంటే మనిషిని ఎక్కడ పెడతారన్నట్టు చెప్పాడు. దొంగతనం చేసినవాడు కూడా కాస్త కళ్ళు దించుతాడు. ఈయన దించలేదు.

"దీనికి నా దగ్గర స్పానరు లేదండి," అన్నాడు సువర్ణరాజు. "ఎక్కడ అబద్ధం చెప్పి ఆ మనిషిని దించారో అక్కడే ఈ చప్పుడు దిగాలి. ఇంకెక్కడా దిగదు."

"ఎక్కడ దించుతారో మీ ఇష్టం. సాయంత్రానికి చప్పుడు లేని కారు నా ఇంటి ముందుండాలి," అన్నాడు లక్ష్మీనారాయణ. ఆటో పిలిచి, ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు. "యలమందా, ఆసుపత్రిలో నా పేరు ఎత్తావా, రేపట్నుంచి నా తాళాలు ముట్టుకోకు. నీకు ఇంకెక్కడా స్టీరింగు దొరక్కుండా చేస్తాను. తెలుసుగా?"

ఆటో వెళ్ళిపోయింది. సువర్ణరాజు తాళాలు యలమంద ముందు పెట్టాడు.

"నేను తోలనా, నువ్వు తోలతావా?"

"ఆ రోజు నేనే తోలాను," అని యలమంద తాళాలు తీసుకున్నాడు.

ఆసుపత్రిలో ఆ రోజున్న నర్సే ఉంది. పేరు షీబా. పుస్తకం తిరగేసి, వెంకట్ పేరు దగ్గర వేలు పెట్టింది.

"తాగి మోటారు సైకిలు మీంచి పడ్డాడని చెప్పింది నువ్వేగా? కింద నీ సంతకం కూడా ఉంది."

"నేనేనండి. అబద్ధం చెప్పాను."

"అప్పుడు చెప్పింది అబద్ధమంటున్నావు. ఇప్పుడు చెప్పేది అబద్ధం కాదని ఎలా నమ్మాలి? నువ్వు ఆ మనిషికి బావమరిదివి. చుట్టం కోసం మాట మార్చావంటారు. నోటిమాట మీద నేను కొట్టివేతలు చేయకూడదు."

"నా మాట వద్దు సిస్టర్. కారు తెచ్చాను. అది వినండి."

షీబా మెడలో స్టెతస్కోపు సర్దుకుని బయటికొచ్చింది. యలమంద డిక్కీ తెరిచాడు. ఆమె వంగి, రోగి ఛాతీ మీద పెట్టినట్టే, నల్ల చాప మీద స్టెతస్కోపు పెట్టింది. సువర్ణరాజు బండిని మెల్లగా ఊపుతున్నాడు. ఆమె మొదట చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టింది. కాసేపటికి లెక్క మానేసింది. పెదవులు బిగించి, స్టెతస్కోపు మరో చోటికి మార్చి విన్నది. తర్వాత లోపలికి వెళ్ళి డ్యూటీ డాక్టర్ని పిలుచుకొచ్చింది. ఆయనా విన్నాడు.

"సీటు లేదా ఈ బండికి?" అని అడిగాడు.

యలమంద వెనక తలుపు తీసి చూపించాడు. ఆయన వెనక సీటు వైపు ఒకసారి చూసి, "మార్చి రాయండి సిస్టర్. నేను సంతకం పెడతాను," అన్నాడు.

షీబా పాత వాక్యాన్ని ఒకే గీతతో కొట్టేసి, కింద చదువుతూ రాసింది. "తోటలో కాయలు కోస్తూ చెట్టు మీంచి పడెను. మద్యం సేవించలేదు. కాలు మడిచి, కారు డిక్కీలో తీసుకురాబడెను. కారు యజమాని పేరు?"

"లక్ష్మీనారాయణ," అన్నాడు యలమంద. ఇంటిపేరుతో సహా చెప్పాడు.

ఆమె రాసి, తలెత్తింది. "ఇంత గట్టిగా తట్టాడు. డ్రైవరు సీటులో నీకు వినపడలేదా?"

సువర్ణరాజు పక్కనే ఉన్నాడు. యలమంద కౌంటరు అంచు పట్టుకున్నాడు.

"వినపడింది."

"మరి?"

"ఆయన మామూలుగానే పాట పెట్టమన్నారు. వినపడుతూ ఉంటే, నేనే సౌండు పెంచాను."

షీబా పెన్ను ఆగింది. అతని ముఖంలోకి చూసింది. జాలి లేదు ఆ చూపులో. ఉండకూడదు కూడా. ఆ మాట కూడా పుస్తకంలో రాసి, పుస్తకం అతని వైపు తిప్పి, సంతకం పెట్టే చోటు చూపించింది. యలమంద సంతకం పెట్టాడు.

ఆసుపత్రి గేటు దగ్గర స్పీడు బ్రేకరుంది. కారు దాని మీద ఎక్కి దిగింది. చప్పుడు లేదు.

సాయంత్రం యలమంద కారు తుడిచి, యజమాని ఇంటి ముందు పెట్టి, తాళాలు అరుగు మీద ఉంచాడు. లక్ష్మీనారాయణ స్వయంగా వీధి చివరిదాకా తోలి చూసుకున్నాడు. "చూశావా, పోయింది! గట్టిగా అడిగితేనే పనులవుతాయి," అని సంతోషించాడు. సంతోషం మూడు రోజులుంది. నాలుగో రోజు ఆసుపత్రి కాగితం పట్టుకుని కార్మిక శాఖవాళ్ళు వచ్చారు. వాళ్ళకి కూడా ఆయన నా సొంత కారులో చేర్చానని చెప్పాడు. ఇప్పటికీ బజార్లో అదే చెబుతాడు. వినేవాళ్ళలో కొందరు తలూపుతారు. తలూపేవాళ్ళు ఉన్నంతకాలం ఇలాంటివాళ్ళ వెనక సీట్లలో కాయలే ప్రయాణం చేస్తాయి.

యలమందకి స్టీరింగు ఎక్కడా దొరకలేదు. ఆ బెదిరింపు మాత్రం లక్ష్మీనారాయణ నిలబెట్టుకున్నాడు.

గడువుకి ఇంకా మూడు రోజులుండగా విజయవాడలో వెంకట్ కాలికి ఆపరేషన్ జరిగింది. ఎముక సరిచేసి లోపల రాడ్డు వేశారు. నాలుగో రోజు పొద్దున డాక్టరు వచ్చి, ఎవరి సాయమైనా తీసుకుని నిలబడి చూడమని చెప్పి వెళ్ళాడు. బసవమ్మ మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళింది. వార్డులో మంచం దగ్గర యలమంద ఒక్కడే ఉన్నాడు. వచ్చి గంటైంది. కూర్చోమని ఎవరూ అనలేదు, అతనూ కూర్చోలేదు.

"ఆసుపత్రి కాగితం నాకు చదివి వినిపించారు," అన్నాడు వెంకట్. "ఆఖరి ముక్క కూడా."

"చదివారా బావా?"

"నాకు అప్పుడే తెలుసు. లోపల చీకట్లో ఉన్నా, పాట పెరగడం తెలుస్తుంది కదరా."

"బావా, నన్ను..."

"ఆ మాట ఇప్పుడొద్దు," అన్నాడు వెంకట్. "ఇటు రా. కాస్త వంగు."

యలమంద వంగాడు. వెంకట్ అతన్ని క్షమించాడని ఎవరూ అనుకోనక్కర్లేదు. అతనికి లేవాలని ఉంది, చేతికందే భుజం అదొక్కటే. దాన్ని గట్టిగా పట్టుకుని, మంచం దిగి, ముందు బాగున్న కాలు ఆన్చాడు. తర్వాత రెండోది. పాదం తిన్నగా నేలకి ఆనింది. అప్పుడు ఒంటి బరువంతా తెచ్చి ఆ భుజం మీద వేశాడు.

యలమంద కదల్లేదు.